వ్యూఫైండర్‌లో పదునుగా కనిపించిన కన్ను ఫొటోలో ఎందుకు మసకగా వస్తోంది?

#1 వెలుగుచుక్క

నా దగ్గర కానన్ 5డీ మార్క్ 2 ఉంది. ఈమధ్య అడాప్టర్ పెట్టి, ఎం42 అనే పాత మర బిగింపుతో వచ్చే సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్ వాడుతున్నాను. ఫోకస్ రింగు ఎంత మెత్తగా తిరుగుతుందంటే, ఫొటో తీయకపోయినా తిప్పుతూ కూర్చోవాలనిపిస్తుంది.

కష్టమంతా ఫొటోల దగ్గరే. ఎఫ్/1.4లో, అంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, దగ్గరగా ముఖం తీస్తే వ్యూఫైండర్‌లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఒక ఫొటోలో చెవి పదునుగా ఉంటుంది, ఇంకోదానిలో ముక్కు కొన. కన్ను కుదిరేది పదింట ఒకసారి. ఎఫ్/5.6కి మూస్తే అన్నీ బాగుంటాయి.

లెన్స్ పాడైందా, నా కళ్లు పాడయ్యాయా? మధ్యలో రెండు అర్ధచంద్రాలుండే పాతకాలపు స్ప్లిట్ స్క్రీన్ (వ్యూఫైండర్‌లో బొమ్మ పడే పలక) వేసుకుంటే అంతా సర్దుకుంటుందని ఒక మిత్రుడు అంటున్నాడు. కొనమంటారా?

#2 చత్వారం60

కళ్ల సంగతి ముందు తేల్చుకోండి. కన్ను పెట్టి చూసే ఐపీస్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్‌ను మన చూపుకు తగ్గట్టు సర్దుకోవడానికి. లెన్స్‌ను పూర్తిగా ఫోకస్ తప్పించి, తెల్లగోడ వైపు పెట్టి, స్క్రీన్ మీద ఉన్న ఫోకస్ బిందువుల చతురస్రాలు నల్లగా, పదునుగా కనిపించేదాకా ఆ చక్రం తిప్పండి. చూడవలసింది దృశ్యాన్ని కాదు, ఆ గీతల్ని. ఇది సరిగా లేకపోతే కన్ను స్క్రీన్ గరుకు మీద నిలవదు, దానికి కాస్త ముందో వెనుకో గాలిలో ఏర్పడిన బింబం మీద నిలుస్తుంది. మీకు పదునుగానే కనిపిస్తుంది, కెమెరాకు మాత్రం కాదు.

నేను రెండేళ్లు లెన్సుల్ని తిట్టుకున్నాను. చివరికి చూస్తే ఆ చక్రం సంచిలో రాసుకుని ఎప్పుడో తిరిగిపోయింది.

#3 నెగటివ్

కొనండి, ఆలోచించకండి. నేను నికాన్ ఎఫ్ఎం2 అనే ఫిల్ము కెమెరాతో పెరిగినవాణ్ణి. మధ్యలో గీత విరిగి ఉంటే ఫోకస్ లేదు, కలిస్తే ఉంది. ఇందులో అనుమానానికి చోటెక్కడ? ఇప్పటి కెమెరాల్లో స్క్రీన్ అని పెట్టేది కిటికీ అద్దం. అవతల ఏముందో చూడటానికి పనికొస్తుంది, అంతే.

#4 స్క్రూడ్రైవర్

నెగటివ్ గారు కోపంలో అన్నా, కిటికీ అద్దం అన్న మాట చాలావరకు నిజం. కానీ వెలుగుచుక్క గారూ, డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి.

మీ టకుమార్ పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని మాన్యువల్ వైపు జరిపితే, రింగు తిప్పిన కొద్దీ అపర్చర్ రేకులు అక్కడికక్కడే మూసుకుంటాయి. వ్యూఫైండర్‌లో చూస్తూ ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2కి, అక్కడినుంచి ఎఫ్/2.8కి తిప్పండి. లెక్క ప్రకారం వెలుగు మొదట సగమవ్వాలి, తర్వాత పావు వంతవ్వాలి. మీకు ఏం కనిపించిందో రాయండి.

#5 వెలుగుచుక్క

డయాప్టర్ సరిచేశాను, కొంచెం తేడా ఉంది. మీరు చెప్పిన పరీక్షా చేశాను. ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2కి తిప్పితే వ్యూఫైండర్‌లో ఏ మార్పూ లేదు. రేకులు ఇరుక్కున్నాయేమోనని లెన్స్ తీసి చూశాను, చక్కగా కదులుతున్నాయి. ఎఫ్/2.8 దాటాక గాని చీకటి పడటం మొదలుకాలేదు. వెనుక మసక కూడా 1.4లో, 2లో ఒకేలా ఉంది. ఇదెలా సాధ్యం?

#6 స్క్రూడ్రైవర్

మీ జబ్బు పేరు ఇదే. ఓపికగా చదవండి.

లెన్స్ నుంచి వచ్చే వెలుగు ఒక శంకువులా స్క్రీన్ మీద పడుతుంది. అపర్చర్ ఎంత పెద్దదైతే శంకువు అంత వెడల్పు. పాత గరుకు గాజు స్క్రీన్ పడిన వెలుగును అన్ని వైపులకూ చిందిస్తుంది. అందుకే అది మసకచీకటిగా ఉంటుంది. అయితే శంకువు అంచుల నుంచి వచ్చిన కిరణాల్లోనూ కొంత భాగం మీ కంటికి చేరుతుంది. ఆటోఫోకస్ వచ్చాక స్క్రీన్ మీద ఫోకస్ చేసేవారు తగ్గిపోయారు. జూమ్‌లు ఎఫ్/4, ఎఫ్/5.6కి దిగాయి. వాటితో కూడా వ్యూఫైండర్ వెలుగుగా కనిపించాలని స్క్రీన్ మీద అతి సన్నని లెన్సుల పొర వేశారు. అది వెలుగును ఎక్కువ చిందించదు, దాదాపు నేరుగా కంటికి పంపుతుంది. అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు మాత్రం ఐపీస్ పక్కనుంచి వెళ్లిపోతాయి. అంటే మీరు ఏ లెన్స్ పెట్టినా మీ కన్ను చూసేది సుమారు ఎఫ్/2.5 లేదా ఎఫ్/2.8 బింబాన్నే. మీ లెన్స్ 1.4 అన్న సంగతి సెన్సర్‌కు తెలుసు, మీకు తెలియదు.

లెక్క చూడండి. 50 మి.మీ. లెన్స్‌తో ఒక మీటరు దూరంలో ఎఫ్/1.4 దగ్గర పదునుగా ఉండే మందం మొత్తం 3 సెం.మీ. వ్యూఫైండర్ మీకు చూపిస్తున్నది 6 సెం.మీ. ఆ ఆరులో ఎక్కడ ఆగినా మీ కంటికి ఒకటే. అందుకే ఒకసారి చెవి, ఒకసారి ముక్కు. తప్పు రెండువైపులా పడుతోందంటే లెన్స్ పాడవలేదనీ, స్క్రీన్ మీకు సరిపడా సమాచారం ఇవ్వడం లేదనీ అర్థం. తప్పు ఎప్పుడూ ఒకేవైపు పడితే అది వేరే కథ.

మీ కెమెరాకు తయారీదారే ఈజీ-ఎస్ అనే స్క్రీన్ ఇచ్చారు. ఎఫ్/2.8, అంతకంటే పెద్ద అపర్చర్ ఉన్న లెన్సుల కోసం చేసిన గరుకు స్క్రీన్ అది. వేశాక మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలో స్క్రీన్ రకం మార్చడం మరిచిపోవద్దు. మీటరింగ్ వెలుగును కొలిచేది స్క్రీన్ దాటాకే కాబట్టి, మార్చకపోతే ఎక్స్‌పోజర్ తప్పుతుంది.

#7 నెగటివ్

ఇంత చెప్పి చివరికి ఉత్త గరుకు స్క్రీన్ కొనమంటారా! గరుకు మీద మసకను చూసి «ఇదేనేమో» అనుకోవాలి. స్ప్లిట్‌లో గీత ఉంది, కలిసింది, అయిపోయింది.

#8 స్క్రూడ్రైవర్

స్ప్లిట్ నాకూ ఇష్టమే. కానీ అది చేసే పనేమిటో చూడండి. స్క్రీన్ మధ్యలో రెండు చిన్న పట్టకాలు, ఒకటి ఎడమకు వాలి, ఒకటి కుడికి వాలి ఉంటాయి. ఒక సగం లెన్స్ ఎడమ పక్క నుంచి వచ్చిన వెలుగును మీకు చూపిస్తుంది, రెండో సగం కుడిపక్క వెలుగును. ఫోకస్ తప్పితే ఈ రెండు బింబాలూ పక్కకు జరుగుతాయి, గీత విరుగుతుంది. లెన్స్‌లో ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్న చోట్ల నుంచి వెలుగు తీసుకోవాలన్నది పట్టకం వాలును బట్టి ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. మామూలు స్ప్లిట్‌ను ఎఫ్/4 లెన్సులకు కూడా పనిచేసేలా తక్కువ వాలుతో చేస్తారు. మీరు ఎఫ్/1.4 పెట్టినా అది ఆ లోపలి భాగాన్నే వాడుకుంటుంది, మిగతా వెడల్పు దానికి వృథా. వాలు పెంచితే ఖచ్చితత్వం పెరుగుతుంది, కానీ ఎఫ్/4 జూమ్ పెట్టగానే ఒక సగం నల్లబడిపోతుంది.

గీతలు కలిశాయో లేదో పట్టడంలో కంటికి మంచి నేర్పుంది కాబట్టి ఇంత నష్టం ఉన్నా స్ప్లిట్ బాగా పనిచేస్తుంది. కాదనను. కానీ దానికి గీత కావాలి. నున్నని బుగ్గ మీద గీత ఎక్కడినుంచి తెస్తారు?

#9 అద్దంలేనివాడు

ఈ పాట్లన్నీ ఎందుకండీ? అద్దం లేని కెమెరా కొనుక్కుని అడాప్టర్ పెట్టండి. ఫొటో తీసే సెన్సరే మీకు బొమ్మ చూపిస్తుంది, ఇక స్క్రీన్ ఒకచోట సెన్సర్ ఒకచోట అన్న బాధే లేదు. అంచులకు ఎర్రరంగు పూసే పీకింగ్ కూడా ఉంది.

#10 చత్వారం60

నేను మారాను, కాబట్టి చెప్పే హక్కు ఉంది. పీకింగ్‌ను నమ్మి మోసపోయాను. అది కాంట్రాస్ట్ ఎక్కువున్న అంచులన్నిటికీ రంగు పూస్తుంది. ఎఫ్/1.4లో ముక్కు నుంచి చెవిదాకా ఎర్రబడితే ఏది నమ్మాలి? 36.9 లక్షల చుక్కల వ్యూఫైండర్ అంటే ఎంతో అనుకుంటాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా లెక్కపెట్టారు కాబట్టి అసలు బొమ్మ 1280 × 960 మాత్రమే. సెన్సర్‌లో 6000 × 4000 ఉంటే, ఆ చిన్న బొమ్మలో పదునును ఎలా తేల్చుకుంటాం? పెద్దది చేసి చూడాల్సిందే. పెద్దది చేస్తే ఫోకస్ అద్భుతంగా కుదురుతుంది, కానీ ఈలోగా ఎదుటి మనిషి నవ్వు మాయమై ఉంటుంది, ఫ్రేములో ఏముందో మీకు తెలియదు.

స్థిరంగా ఉన్నవాటికి దానికి మించింది లేదు. పూలు, పాత్రలు, పుస్తకాలు తీసేవారు నిశ్చింతగా మారవచ్చు.

#11 సగంఫ్రేము

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది చిన్న సెన్సర్ ఉన్న కెమెరా. పెట్టె మీద వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ (బొమ్మ ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పే అంకె) 0.87 అని ఉంది, 5డీ మార్క్ 2కు 0.71 మాత్రమే. మరి నా వ్యూఫైండర్ పెద్దదా? చూస్తే సొరంగం చివర వెలుగులా ఉంది!

#12 స్క్రూడ్రైవర్

ఆ అంకె 50 మి.మీ. లెన్స్‌ను అనంతం దగ్గర పెట్టి కొలిచేది, సెన్సర్ పరిమాణాన్ని పట్టించుకోదు. మీ సెన్సర్ 1.6 రెట్లు చిన్నదైతే 0.87ని 1.6తో భాగించండి, 0.54. సొరంగం అన్నది అందుకే. 1972లో వచ్చిన ఒలింపస్ ఓఎం-1కి 0.92 రెట్లు ఉండేది, అదీ పూర్తి సైజు 35 మి.మీ. ఫ్రేము మీద. ఒకసారి దానిలో చూస్తే ఇంటికి వెళ్లబుద్ధి కాదు. ఐపీస్‌కు తగిలించే 1.2 రెట్ల భూతద్దం దొరికితే వాడండి. కళ్లజోడు పెట్టుకునేవారికి మూలలు కనిపించవు, అది మాత్రం ముందే తెలుసుకోండి.

#13 వెలుగుచుక్క

పది రోజుల తర్వాత వచ్చాను, తలవంచుకుని. స్క్రూడ్రైవర్ గారి మాట పెడచెవిన పెట్టి స్ప్లిట్ స్క్రీనే తెప్పించాను. వేరే కెమెరా స్క్రీన్‌ను నా కెమెరా కొలతకు కోసి అమ్మేవారి దగ్గర కొన్నాను. చిన్న కొక్కెం కిందికి లాగితే చట్రం తెరుచుకుంటుంది, అందులో పెట్టి మూశాను. అంతా బాగుంది, గీత చక్కగా విరుగుతోంది, కలుస్తోంది.

ఫొటోలన్నిటిలో చెవి. ముక్కు ఒక్కదానిలోనూ లేదు, కన్ను అసలే లేదు. పదికి పదీ చెవి!

ఇంకో నేరం కూడా ఒప్పుకుంటాను. పెట్టేటప్పుడు వేలిముద్ర పడింది. కళ్లజోడు తుడిచే గుడ్డతో తుడిచాను. ఇప్పుడు వేలిముద్ర పోయి దాని స్థానంలో సాలెగూడు వచ్చింది.

#14 నెగటివ్

అయ్యో, స్క్రీన్‌ను తుడవడమా! అది గాజు కాదు, మెత్తని ప్లాస్టిక్, పైన అచ్చుపోసిన సన్నని గరుకు. రబ్బరు బుడ్డితో గాలి ఊదడం తప్ప మరేమీ చేయకూడదు. దాని మీద దుమ్ము ఫొటోలో పడదు కాబట్టి రెండు చుక్కలున్నా భరించండి. పాత కెమెరాలున్నవారికి ఇంకో మాట: అద్దం వచ్చి తగిలే చోట నల్లని నురగ పట్టీ ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది జిగురుగా మారి స్క్రీన్‌కు అంటుకుంటుంది. ముందు ఆ నురగ మార్చండి, తర్వాత స్క్రీన్ సంగతి చూద్దాం.

#15 స్క్రూడ్రైవర్

సాలెగూడు వదిలేయండి. పదికి పదీ చెవి అన్నారు చూడండి, నేను వేరే కథ అన్నది అదే.

లెన్స్ మౌంట్ నుంచి అద్దం మీదుగా స్క్రీన్ గరుకు ముఖానికి ఉన్న దూరం, మౌంట్ నుంచి సెన్సర్‌కు ఉన్న దూరం ఒకటై తీరాలి. ఎంత ఖచ్చితంగా? ఎఫ్/1.4 దగ్గర 0.03 మి.మీ. మసక చుక్కను సహించినా, అటూ ఇటూ సుమారు 0.04 మి.మీ. దాటకూడదు. ప్రింటర్ కాగితం మందమే సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. మీ కోసిన స్క్రీన్ అసలుదాని కంటే పలచగా ఉండవచ్చు, లేదా చట్రంలో కాస్త పైకి కూర్చుని ఉండవచ్చు. స్క్రీన్ పైకి, అంటే బొమ్మను కంటికి చేర్చే పెంటాప్రిజం వైపు జరిగితే ఫోకస్ ఎప్పుడూ మనిషి వెనుకే పడుతుంది. కిందికి, అద్దం వైపు జరిగితే ముందు పడుతుంది.

ఊహించకండి, కొలవండి. కెమెరాను స్టాండు మీద పెట్టి, మీటరు దూరంలో ఒక స్కేలును 45 డిగ్రీలు వాల్చి పెట్టండి. మధ్య అంకె మీద వ్యూఫైండర్‌తో ఫోకస్ చేయండి, తర్వాత లైవ్ వ్యూ (సెన్సర్ చూసే బొమ్మనే వెనుక తెర మీద చూపేది) తెరిచి 10 రెట్లు పెంచి, నిజంగా ఏ అంకె పదునుగా ఉందో చూడండి. పదిసార్లు చేయండి. ఐదుసార్లు రింగును దగ్గర నుంచి తిప్పుతూ రండి, ఐదుసార్లు దూరం నుంచి.

#16 వెలుగుచుక్క

చేశాను. పదిసార్లూ వెనుకే. స్కేలు వాలును లెక్కలో తీసేస్తే సగటున 3 సెం.మీ. వెనుక. దగ్గర నుంచి వచ్చినా దూరం నుంచి వచ్చినా పెద్ద తేడా లేదు.

#17 స్క్రూడ్రైవర్

అంత నిలకడగా తప్పుతోందంటే శుభవార్తే. మీటరు దూరంలో 50 మి.మీ. లెన్స్‌కు 3 సెం.మీ. తప్పు అంటే స్క్రీన్ దగ్గర సుమారు 0.08 మి.మీ. తేడా. స్క్రీన్ పై అంచుల మీద అంత మందం షిమ్, అంటే సందు పూడ్చే సన్నని రేకు, పెడితే స్క్రీన్ కిందికి దిగుతుంది. సన్నని పారదర్శక ప్లాస్టిక్ షీటును మైక్రోమీటర్‌తో కొలిచి, బొమ్మకు అడ్డం రాకుండా చుట్టూ ఫ్రేములా కత్తిరించండి. కాగితం వాడవద్దు, పోగులు రాలుతాయి.

#18 వెలుగుచుక్క

షిమ్ కత్తిరించడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదటిది వంకర, రెండోది తుమ్మితే ఎగిరి ఎక్కడికో పోయింది, మూడోది కుదిరింది. స్కేలు పరీక్షలో పదికి ఎనిమిది సరిగ్గా మధ్య అంకె మీదే! నెగటివ్ గారికి జై అనబోయాను.

తర్వాత మనుషుల్ని తీశాను. మళ్లీ చెవి. ఈసారి అన్నిట్లో కాదు, పదికి ఆరింట్లో. స్కేలుకు కుదిరింది, మనిషికి కుదరడం లేదు. లెన్స్‌కు నా మీద ఏదైనా పగ ఉందా?

#19 సగంఫ్రేము

నేను కొత్తవాణ్ణే, అయినా ఒక సందేహం. స్ప్లిట్ ఉన్నది మధ్యలో కదా? మీరు కన్నును మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, తర్వాత కెమెరాను తిప్పి ఫ్రేము సర్దుకుంటున్నారా?

#20 వెలుగుచుక్క

అవును, అందరూ అలాగే చేస్తారు కదా.

#21 స్క్రూడ్రైవర్

సగంఫ్రేము గారూ, పట్టేశారు. నాకు తట్టనేలేదు.

పదునైన ప్రదేశం కెమెరాకు ఎదురుగా ఒక పలకలా ఉంటుంది. కన్నును మధ్యలో పెట్టి మీటరు దూరానికి ఫోకస్ చేశారు. తర్వాత కన్ను ఫ్రేము పైభాగానికి వచ్చేలా కెమెరాను పది డిగ్రీలు వంచారు. పలక కూడా కెమెరాతో పాటే వంగింది, కన్ను మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఆ పలక కన్నుకు 1.5 సెం.మీ. వెనుక ఉంది. మీకున్నది అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. ఉన్న వెసులుబాటంతా తిప్పడంలోనే ఖర్చైపోయింది, ఎదుటి మనిషి కాస్త ఊగినా కన్ను జారిపోతుంది. ఈ తప్పు ఎప్పుడూ వెనక్కే పడుతుంది, ముందుకు పడదు. స్కేలు పరీక్షలో కెమెరాను తిప్పలేదు కాబట్టి అక్కడ బయటపడలేదు.

#22 నెగటివ్

నలభై ఏళ్లుగా తిప్పుతూనే ఉన్నాను, నాకు ఎప్పుడూ ఇలా కాలేదు.

#23 చత్వారం60

నెగటివ్ గారూ, నలభై ఏళ్లు మీరు ఎఫ్/4లో తీసి ఉంటారు. ఫిల్ముల్ని పోస్టుకార్డు సైజులో వేయించుకుని ఉంటారు. నేనూ అంతే.

#24 నెగటివ్

ఎఫ్/2.8. మిగతాది నిజమే.

#25 వెలుగుచుక్క

నెల తర్వాత. ఈజీ-ఎస్ వేశాను, మెనూలో మార్చాను, స్కేలు పరీక్ష చేశాను, షిమ్ అవసరం పడలేదు. మొదట చూసింది రింగు తిప్పుతూ వెలుగునే: ఎఫ్/1.4 నుంచి 2కి వెళ్తే కళ్ల ముందే చీకటి పడింది. అంత సంతోషంగా చీకటిని ఎప్పుడూ చూడలేదు.

ఫోకస్ చేసే తీరు పూర్తిగా మారిపోయింది. ఫ్రేము ముందే సర్దుకుంటున్నాను, కన్ను ఎక్కడుంటే అక్కడే చూస్తున్నాను. రింగు తిప్పుతుంటే మొదట కనుబొమ్మ గరుకుగా మెరుస్తుంది, అది కరిగి కింది రెప్ప తేలుతుంది, కనుపాపలో కిటికీ ప్రతిబింబం సన్నబడి ఒక్క క్షణం చతురస్రంగా నిలుస్తుంది. అప్పుడే నొక్కాలి. దాటించి మళ్లీ వెనక్కి తెస్తే ఆ క్షణం ఇంకా బాగా తెలుస్తోంది. నిన్న పదికి ఏడు.

ఎఫ్/4 జూమ్ పెడితే మాత్రం ఇసుక చల్లినట్టు ఉంది, మూలలు నల్లగా ఉన్నాయి. దానికి ఏమైనా ఉపాయం ఉందా?

#26 స్క్రూడ్రైవర్

లేదు. జూమ్ వాడే రోజున పాత స్క్రీన్ పెట్టుకోండి. ఈసారి వేలిముద్ర లేకుండా.

#27 నెగటివ్

తీసేసిన ఆ స్ప్లిట్ స్క్రీన్ ఏం చేశారు? సాలెగూడు ఉన్నా ఫరవాలేదు. షిమ్‌తో సహా నాకు పంపండి.